నలభై ఒక్క మోపులు

సంపూర్ణమ్మ ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున పదింటికి చచ్చిపోయేది.

దవఖానా ముందు గదిలో పేషెంట్లు కూర్చునే బల్ల మీద వెల్లకిలా పడుకుని, మొహం మీద కొంగు కప్పుకుని, "పోయిన్నే స్వరూపా, ఇగ నువ్వు మొదలువెట్టు" అనేది కొంగు కింది నుంచే. దవఖానాలో ఆమెకు సాయంగా పనిచేసే స్వరూప గడియారం చూసుకుని పనిలో దిగాలి. తలుపు మీద బోర్డు తిప్పెయ్యాలి. బీరువా తీసి గోధుమరంగు కవరు బయటపెట్టాలి. చింపకూడదు, రిహార్సల్ కదా. ముందు ఫోను ఎవరికి, తర్వాత ఎవరికి, ఏ మాట చెప్పాలి, ఏ మాట చచ్చినా నోట రాకూడదు, అన్నీ గడగడా అప్పజెప్పాలి. ఎక్కడన్నా తడబడితే శవం లేచి కూర్చుని తిట్టేది.

మొదట్లో స్వరూపకు నవ్వొచ్చేది. ఓసారి ఆపుకోలేక నవ్వేసింది కూడా. సంపూర్ణమ్మ నవ్వలేదు.

"బాయిల బండ పడకముందే రెస్క్యూ పనోళ్లు నెలనెలా ఉరుకుడు నేర్చుకుంటరు. పడ్డంక నేర్చుకుంటమంటరా? నేను పోయినంక నువ్వు నేర్చుకుంటనంటే నలభై మంది పోతరు బిడ్డా."

మామూలు డాక్టరు చస్తే పేషెంట్లు రెండు రోజులు బాధపడి ఇంకో డాక్టర్ని వెతుక్కుంటారు. సంపూర్ణమ్మ చస్తే అట్లా కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే లోపలి గదిలోని పెట్టె సంగతి తెలియాలి.

ఆరేళ్ల కింద మసివాగు మూడో ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలుగా దిగే గనిలో, బండ పడింది. పదకొండు మంది పోయారు. బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ బాయిలోకి దిగలేకపోయారు. బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గుగనిని మసివాగులో బాయి అంటారు. కొందరు దిగడం మాట అటుంచి, ఇంటి కప్పు కింద కూడా పడుకోలేకపోయారు. అప్పుడు కంపెనీ హైదరాబాదులో ఏదో ల్యాబు నుంచి ఓ పెట్టె తెచ్చి, ఊళ్లో మనసు వైద్యం చేస్తున్న సంపూర్ణమ్మ చేతికిచ్చింది. గని కప్పుకు కొత్త ఇనుప ఆనికలు వేయించే ఖర్చుకంటే పెట్టె చవక. అంతకుమించి దయా లేదు, దాక్షిణ్యం లేదు.

చూడ్డానికి కుట్టుమిషను డబ్బా అంత ఉంటుంది. అటు రెండు పిడులు, ఇటు రెండు పిడులు. భయపడ్డ మనిషి ఒకవైపు పట్టుకోవాలి, మోసే మనిషి రెండోవైపు. పెట్టె తన దగ్గర దాచుకున్న గుర్తుల్ని బట్టి ముందు ఆ మనిషిలో భయాన్ని లేపుతుంది. లేచిన భయాన్ని తీసి ఇవతలి మనిషి ఒంట్లోకి దింపుతుంది. పది నిమిషాల పని. వచ్చినవాడు ఈల వేసుకుంటూ పోతాడు. ఇవతలి మనిషి గోడ పట్టుకుని కూర్చుంటుంది. భయం పోదు. ఎక్కడికి పోతుంది? చోటు మారుతుంది, అంతే. అది కూడా ఎనిమిది రోజులకే. ఎనిమిదో రోజు పొద్దుటికల్లా మళ్లీ ఎత్తకపోతే, ఇన్నేళ్లుగా ఎత్తిందంతా కలిసి ఒక్కసారే సొంతదారు మీద పడుతుంది.

ల్యాబువాళ్లు దీనికి నోరు తిరగని పేరేదో పెట్టారు. బాయి జనం మాత్రం మోపు అన్నారు. "నా మోపు అమ్మ మోస్తది" అని.

ఆదివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా వెనక వాకిలి గుండా ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. ఆ రోజు స్వరూపకు సెలవు. ఎవరొస్తారో ఆమెకు తెలియదు, తెలియకూడదు కూడా. బాయిలో ఒకడు భయపడ్డాడని తెలిస్తే షిఫ్టంతా వాణ్ణి ఆడదాన్ని చేసి ఆడిస్తుంది, కంపెనీ గని బయట పైపనికి మార్చి జీతం కోస్తుంది. అందుకే పేర్లు లేవు. బాయిలోకి దిగేవాడికి ల్యాంపు రూంలో ఇచ్చే టోపీ దీపం నంబరే పేరు. కవరులో ఉన్నవి ఆ నంబర్లే.

ఇన్ని రిహార్సళ్లు చేసిన మనిషి బల్ల మీద పోలేదు. ఓ మంగళవారం పొద్దున, జిల్లా కేంద్రంలో గనుల భద్రత ఆఫీసులో పని ఉందని బస్సెక్కింది. ఏం పనో చెప్పలేదు. చివరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు తట్టి లేపాడు. లేవలేదు. యాభై ఎనిమిదేళ్లు. గుండె ఆగిపోయింది అన్నారు. నలభై ఒక్క మంది భయం ఒక్క గుండెలో కుక్కితే ఆగక ఏం చేస్తుంది?

ఫోను పెట్టేశాక స్వరూప ఏడవలేదు. గడియారం చూసింది. బోర్డు తిప్పింది. బీరువా తీసింది. చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి, మనిషి మాత్రం ఎక్కడో పక్కన నిలబడి చూస్తోంది. ఆదివారం ఎత్తిన మోపులు వచ్చే సోమవారం దాకా ఆగుతాయి. ఈలోగా నలభై ఒక్క మందిని పిలిచి స్వరూప తన ఒంట్లోకి ఎత్తుకోవాలి. సంపూర్ణమ్మ తర్వాత మోయాల్సింది తనేనని ఆమె ఎప్పుడో ఒప్పుకుంది. అప్పుడది మాట. ఇప్పుడు పని.

కవరు చింపి జాబితా పైనుంచి కిందికి చదువుకుంటూ పోయింది. కింది నుంచి మూడో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. మూడు వందల ఎనభై ఆరు.

ఆ నంబరు ఆమెకు పన్నెండేళ్లుగా తెలుసు. రోజూ ఇంట్లో కొయ్యకు వేలాడే టోపీ మీద తెల్లరంగుతో రాసి ఉంటుంది. ఆమె భర్త ఐలయ్యది. ఆరేళ్లుగా ఆదివారం మధ్యాహ్నం తిని, గాలం భుజాన వేసుకుని వాగుకు పోతాడు. ఆరేళ్లలో ఒక్క చేప తేలేదు. "ఆ వాగుల చేపలన్నీ నీకు చుట్టాలా?" అని ఆమె ఎక్కిరించేది. అతను పళ్లికిలించేవాడు.

ల్యాబుకు ఫోను చేసింది. ఎవరో అమ్మాయి చాలాసేపు వెతికి, ఆ ప్రాజెక్టు రెండేళ్ల కిందే ముగిసిందనీ, ఫైలు మీద విజయవంతం అని రాసి ఉందనీ చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

ల్యాంపు రూం ఓదెలును కలవాలని సంపూర్ణమ్మ కాగితంలో రాసి ఉంది. నోరు గట్టి మనిషి. స్వరూప నంబర్లు చెబుతుంటే అతను రిజిస్టరు చూసి ఫోన్లు చేశాడు. చెప్పాల్సిన మాట ఒకటే: దవఖానా వెనక వాకిలికి రా, ఎవరికీ చెప్పకు. వచ్చినవాణ్ణి పేరు అడగకూడదు, ఎందుకొచ్చావని అడగకూడదు. సంపూర్ణమ్మ ఈ రెండు మాటల కింద రెండేసి గీతలు కొట్టింది.

బుధవారం మధ్యాహ్నం మొదటి మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. తల వంచుకుని పిడులు పట్టుకున్నాడు. స్వరూప ఇటువైపు పట్టుకుంది.

ముందు చెవుల్లో చీకటి పడ్డట్టయింది. తర్వాత నీళ్లు. ఎక్కడో చుక్క చుక్క కారుతున్న చప్పుడు. గోడకు చెమట పట్టినట్టు తడి. ఆ తడి వెనక, తల మీద, ఏదో చాలా పెద్దది మెల్లగా ఒత్తిగిలుతోంది. టక్. కొంచెం ఆగి, టక్ టక్. ఎండుపుల్ల విరిచినట్టు. అది పడుతుంది. ఇప్పుడే పడుతుంది. కాళ్లు పరుగెత్తాలని గింజుకుంటున్నాయి, పరుగెత్తడానికి చోటు లేదు. నోట్లో తడి ఆరిపోయి నాలుక అంగిలికి అతుక్కుంది.

కళ్లు తెరిచేసరికి ఆ మనిషి చెప్పులు వేసుకుంటున్నాడు. "అమ్మ మంచిగ మోసేది. నువ్వు గూడ మోస్తవ్ లే" అని నవ్వి పోయాడు. ఆమె తలెత్తి దవఖానా కప్పు వైపు చూసింది. అందులో సన్నటి పగులు ఒకటి ఉంది. ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

రెండో మనిషి వచ్చాడు. మళ్లీ చీకటి, మళ్లీ నీళ్లు, అదే టక్ టక్.

మూడోవాడు కుర్రాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. గదంతా వింతగా చూస్తూ కూర్చుని, పట్టుకోమంటే పట్టుకున్నాడు. కంపెనీ ఏడాదికోసారి చేసే ఒంటి పరీక్ష ఇదేననుకున్నాడట పాపం. పెట్టె తన పని తను చేసింది. భయాన్ని లేపింది. లేవడానికి వాడిలో ఏమీ లేకపోతే ఆ నంబరు కింద దాచుకున్న గుర్తుల్లోంచి తీసి మరీ నాటింది.

కుర్రాడు కేక పెట్టలేదు. అదే భయంకరం. నోరు తెరిచాడు, చప్పుడు రాలేదు. కుర్చీలోంచి జారి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, గది మూలకు పాకి గోడను గోళ్లతో తవ్వడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చూడని మనుషుల పేర్లు గొణుగుతున్నాడు. ఆ పేర్లు స్వరూపకు తెలుసు. గని గేటు దగ్గర రాతి పలక మీద చెక్కి ఉన్నాయి. పదకొండు మందిలో ముగ్గురివి.

బలవంతాన వాడి వేళ్లు పిడులకు చుట్టి, నాటిందంతా తన మీదికి లాక్కుంది. పావుగంట పట్టింది. వాడు ఊపిరి తీసుకున్నాక, ఆమె సంపూర్ణమ్మ రెండు గీతల మాటను తొక్కి పేరు అడిగింది.

రంజిత్ అట. రాజలింగు కొడుకు. బాయిలో చేరి ఏడాదిన్నర అయింది. తండ్రి పనిలోంచి దిగిపోతే కొడుకు వచ్చాడు.

స్వరూప నుదురు కొట్టుకుంది. మసివాగులో తండ్రి పని మానేసి కొడుకు చేరితే, కొడుకు ల్యాంపు రూంలో తగవు పెట్టుకుని మరీ తండ్రి దీపమే తీసుకుంటాడు. తండ్రిని ప్రతిరోజూ ప్రాణంతో పైకి తెచ్చిన దీపం, దాన్ని బయటివాడికి ఇవ్వరు. నంబరు రాసినామెకు ఈ ఆనవాయితీ తెలుసు. నంబరు చదివిన ఓదెలుకు తెలుసు. స్వరూపకు తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరికీ తట్టలేదు. జాబితా మళ్లీ చూస్తే అట్లాంటి నంబర్లు ఇంకో మూడు తేలాయి.

"మరి మీ బాపు?" అంది స్వరూప. "పోయిన ఆదివారం వచ్చిండా ఈడికి?"

రంజిత్‌కు ఏం తెలుసు? మొన్న ఆదివారం బాపు పెళ్లికి పోయాడని మాత్రం చెప్పాడు. అంటే ఎత్తి పది రోజులైపోయింది.

రాజలింగు క్వార్టరు పైకప్పు మీద ఉన్నాడు. సోమవారం పొద్దున ఎక్కాడట, దిగడం లేదు. పెద్దాయనకు ఎండదెబ్బ తగిలి మతి చలించిందని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. నిచ్చెనెక్కి పోయిన స్వరూప ఆయన పక్కన కూర్చుంది. మే నెల ఎండ. స్లాబు మీద అరికాళ్లు కాలుతున్నాయి. ఆయన పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. అయినా నెత్తి మీద ఆకాశం తప్ప ఇంకేమీ ఉండనివ్వడం లేదు. గొడుగు తెస్తే విసిరేశాడు.

కింద పెట్టె ఉంది కాకా, ఎత్తుతాను, ఒక్క పది నిమిషాలు దిగి రా అని బతిమాలింది. ఆయన దిగలేదు. ఎందుకు దిగడో చెప్పాడు. ఆరేళ్ల కింద ఆ రోజు పొద్దున బండ కింద నిలబడగానే ఎందుకో వెన్నులో చలి పుట్టింది. నీళ్లు లేవు, చప్పుడు లేదు, అంతా ఎండి పొడిగా ఉంది. అయినా కాళ్లు నిలవలేదు. పని చూసే సర్దారు తిడుతున్నా వినకుండా పనిముట్లు పారేసి ఉరికాడు. మిగతావాళ్లు నవ్వారు. నవ్వు ఆగకముందే బండ దిగింది.

"ఉరికినోన్ని నేనే. అందుకే ఉన్న" అన్నాడు. "గా ఉరుకుడుకు సిగ్గుపడి ఆరేండ్లు ఈ మోపు అమ్మ నెత్తిన వెట్టిన. రోగమనుకున్న బిడ్డా. రోగం గాదు. గదే నన్ను బతికిచ్చింది."

రాజలింగు చెప్పిన మాటలు కాదు స్వరూపను పట్టుకున్నది, అందులో లేనిది. అంతా ఎండి పొడిగా ఉందన్నాడు. మరి ఇందాక మొదటి ఇద్దరి దగ్గర ఎత్తుకున్న మోపుల్లో ఆ నీళ్లెక్కడివి? ఆ టక్ టక్ ఎక్కడిది?

అవి ఆరేళ్ల కిందటివి కావు.

ఆ సాయంత్రం ఐలయ్య షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, పళ్లెం ముందు కూర్చున్నాడు. స్వరూప అన్నం వడ్డించింది. ఇంటి కప్పు కింద నిలబడడానికి ఒళ్లు సహకరించక గడప మీద, సగం బయట సగం లోపల కూర్చుంది. తొమ్మిదేళ్ల కూతురు తలుపు వేయబోతే వద్దని అరిచింది. పిల్ల బిత్తరపోయింది.

"ఎందుకే గట్ల చేస్తున్నవ్?" అన్నాడు ఐలయ్య.

"నువ్వు పని చేసే కాడ నీళ్లు కారుతున్నయా?"

"ఏడ? పద్నాలుగో లెవల్లనా? ఆ, కారుతున్నయ్. మూడు వారాలైతంది." పప్పు కలుపుకున్నాడు. "మూడో మలుపు కాడ గోడంత తడి. బండ గూడ మస్తు మాట్లాడుతంది. టకటక, టకటక. మొన్న ఒక పెచ్చు గీ నర్సింగం పక్కనే పడ్డది, గింత దూరం." చేత్తో జానెడు చూపించాడు. "కొంచెం పచ్చడెయ్యి."

"పెచ్చు పడ్డంక ఏం చేసిండ్రు?"

"ఏం చేస్తం? పక్కకు నూకి పని చేసినం."

ఆమె పచ్చడి వెయ్యలేదు. అతని మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. అందులో ఏమీ లేదు. దాస్తున్నదీ లేదు, ధైర్యమూ లేదు. వానొచ్చేట్టుంది అని చెప్పినట్టు చెప్పాడు. ఆ పెచ్చు జానెడు ఇటు పడి ఉంటే ఏమయ్యేదో బుద్ధికి తెలుసు. ఒంటికి తెలియదు. ఒంటికి తెలియాల్సింది ప్రతి ఆదివారం వేరే మనిషికి ఇచ్చి వస్తున్నాడు. గాలం భుజాన వేసుకుని పోయి.

సంపూర్ణమ్మ ఆ బస్సు ఎందుకెక్కిందో స్వరూపకు అప్పుడు తెలిసింది. మూడు వారాలుగా నలభై మందిలో ఒకే భయం పెరుగుతుంటే మోసే మనిషికి తెలియకుండా ఉంటుందా? ఆ బండకు భయపడింది బాయిలోకి ఎన్నడూ దిగని ఆ ముసలామె ఒక్కతే.

"రేపటి నుంచి దిగకు" అంది.

ఐలయ్య నవ్వాడు. "ఎందుకు?"

ఆ ఎందుకుకు ఆమె దగ్గర జవాబుంది. కానీ దాన్ని పట్టుకునే చోటు అతనిలో లేదు.

మర్నాడు మేనేజరు విద్యాసాగర్ దవఖానాకు వచ్చాడు. మెత్తటి మనిషి. ఆగి ఆగి మాట్లాడతాడు. సంపూర్ణమ్మ పోవడం ఊరికి తీరని లోటన్నాడు. స్వరూపను కంపెనీ దవఖానాలో పర్మనెంటు చేస్తామన్నాడు, పెట్టె అక్కడికి మారుస్తామన్నాడు. వైద్యం ఒక్క వారం కూడా ఆగకూడదన్నాడు. స్వరూప పద్నాలుగో లెవల్ మాటెత్తింది. అక్కడ తనిఖీ జరిగిందన్నాడు, కప్పు గట్టిగా ఉందని రిపోర్టు వచ్చిందన్నాడు, అయినా ఆ విషయం ఆమెకెవరు చెప్పారని అడిగాడు. బాయిలో పనిచేసేవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదట.

చేయరు. ఎట్లా చేస్తారు? జంకకుండా దిగుతారని ఆ మలుపుకు పంపేది మోపులు దించుకున్నవాళ్లనే.

ఆయన పోయాక ఆమె పెట్టె ముందు కూర్చుంది. రెండు దారులే ఉన్నాయి. మిగతా మోపులన్నీ ఎత్తుకుంటే సోమవారం మనుషులు హాయిగా ఈల వేసుకుంటూ ఆ బండ కిందికి పోతారు. ఎత్తుకోకపోతే సోమవారం వాళ్ల భయం వాళ్లకు తిరిగొస్తుంది. ఆ సమయానికి బాయిలో ఉంటే మూడు వందల మీటర్ల లోతున, చీకట్లో, నలభై మంది ఒక్కసారిగా పిచ్చెత్తి పరుగెడతారు. యంత్రాల కింద పడి చస్తారు, తోటివాళ్లను తొక్కి చంపుతారు. సంపూర్ణమ్మ కాగితంలో మొదటి దారి ఒక్కటే రాసి ఉంది. అది రాసేనాటికి ఆమెకు ఈ నీళ్ల సంగతి తెలియదు. తెలిశాక తిరగరాసే వ్యవధి దొరకలేదు.

స్వరూప పెట్టె తీగ పీకేసింది. తను చేస్తున్నది వైద్యమో హత్యో ఆమెకు తెలియదు. ఈ భయం తనదో, ఎత్తుకున్న మోపుల్లోదో కూడా తెలియదు. ఆ మొదటి ఇద్దరి భయం, రంజిత్‌లోంచి లాక్కున్న రాజలింగు భయం తన ఒంట్లో ఉండబట్టి ఇట్లా ఆలోచిస్తోందా? లేకుంటే ఈపాటికి పర్మనెంటు ఉద్యోగం ఒప్పుకుని ఉండేదా? ఏమో. ఎవరి భయమైతేనేం, నిజం చెబుతున్నప్పుడు వినాలి.

మగవాళ్ల దగ్గరికి పోయి లాభం లేదు. వాళ్లకు ఆ మాట ఎక్కదు. శనివారం, ఆదివారం ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు చెప్పింది. ఆరేళ్లు దాచిన గుట్టు, చచ్చేదాకా నోరు విప్పనని సంపూర్ణమ్మ చేతిలో చెయ్యి వేసి ఒట్టేసిన గుట్టు, వాకిట్లో నిలబడి విప్పింది. నీ మొగుడు ఆదివారం పోయేది పేకాటకు కాదు. నీ కొడుకు పోయేది సినిమాకు కాదు. చెబుతున్న ప్రతిసారీ సంపూర్ణమ్మ లేచి కూర్చుని తిడుతున్నట్టే ఉంది.

ఒకామె నమ్మలేదు. ఒకామె, మా ఆయన సింహం లాంటోడు, నువ్వెవరివే పేరు తియ్యడానికి అని చీపురు తిరగేసింది. నర్సింగం భార్య లింగవ్వ మాత్రం లోపలికి పోయి, మొగుడి చొక్కా తెచ్చి చూపించింది. భుజం దగ్గర రాతి పెచ్చు గీరుకుని చిరిగింది. మనిషి ఆ చిరుగును కూడా గమనించలేదట. "అన్నం పెట్టంగ అడిగిన. ఏమో అన్నడు. ఏమో అంటడేంది స్వరూపా, మనిషి?" అంది. ఆ పొద్దు నుంచి లింగవ్వ కూడా వెంట తిరిగింది. చీపురు తిరగేసినామె చీకటి పడే వేళకు తనే వచ్చింది.

సోమవారం పొద్దున మొదటి షిఫ్టుకు ఆడవాళ్లు మగవాళ్లకంటే ముందు గేటు దగ్గరున్నారు. రాజలింగు లాంటి ముసలివాళ్లు నలుగురినీ వెంట తెచ్చి చెట్టూ కప్పూ లేని చోట కూర్చోబెట్టారు. పనికొచ్చిన మగవాళ్లు విసుక్కున్నారు, కసిరారు. ఐలయ్య స్వరూప చెయ్యి విదిలించుకుని గని నోటి దాకా పోయాడు. ఆమె అడ్డంగా పడుకుంది. దాటి పొమ్మంది. పెళ్లాన్ని దాటిపోవడానికి నలుగురిలో సిగ్గుపడ్డాడు. భయం లేకపోయినా సిగ్గు ఇంకా అతని దగ్గరే ఉంది. ఆ సిగ్గే కాపాడింది.

ఏడుంపావుకు మొదలైంది.

ముందు నర్సింగం. మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆపేసి తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి వణుకుతున్నాయి. మోకాళ్ల మీద కూలబడ్డాడు. అతని పక్కన ఇంకొకడు. అక్కడొకడు, ఇక్కడొకడు. పెద్ద పెద్ద మనుషులు, బస్తాల్లాగా పడుతున్నారు. ఒకడు నేలను కరుచుకున్నాడు. ఒకడు చిన్నపిల్లాడిలాగా అవ్వను పిలుస్తున్నాడు. ఆరేళ్లదంతా ఒక్కసారే వచ్చి మీద పడితే మనిషి ఎట్లా ఉంటాడో స్వరూప ఊహించుకునే వచ్చింది. ఆమె ఊహ ఏ మూలకూ చాలలేదు. చంపేశాను అనుకుంది. ఇంతమందిని నా చేతులతో చంపేశాను.

ఐలయ్య ఆమె ఒళ్లో తల దాచుకుని కక్కుకున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆమె అతని నెత్తి గట్టిగా అదిమి పట్టుకుంది.

"నీళ్లు" అన్నాడు.

ఎవరో చెంబు అందించారు. వద్దని తల ఊపాడు.

"నీళ్లు గాదు… పద్నాలుగో లెవల్. మూడో మలుపు. స్వరూపా, ఆ బండ కింద మొన్న అన్నం తిన్ననే. కూసోని తిన్న."

పది గజాల అవతల నర్సింగం అదే మాట అన్నాడు. పద్నాలుగో లెవల్, మూడో మలుపు. ఇంకెవరో అన్నారు. తర్వాత ఇంకొకరు. ఒకరి మాట ఒకరికి వినబడే స్థితిలో లేరు. నలుగురు ముసలివాళ్లు తప్ప, మట్టిలో పొర్లుతున్నవాళ్లందరి నోటా అదే చోటు. మోపులు లేని మిగతా కూలీలు రెండు వందల మంది నిలబడి విన్నారు. రంజిత్ తండ్రిని పట్టుకుని కూర్చున్నాడు.

విద్యాసాగర్ జీపు దిగి వచ్చాడు. చుట్టూ చూశాడు. మెత్తటి గొంతు ఆ రోజు కూడా మెత్తగానే ఉంది. ఇది పెట్టె తీసేయడం వల్ల వచ్చిన తాత్కాలిక ఇబ్బంది అన్నాడు. ఒకరిని చూసి ఒకరు అంటున్న మాటలన్నాడు. కప్పు భద్రంగా ఉందని మళ్లీ చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు షిఫ్టుకు దిగవచ్చన్నాడు.

రెండు వందల మంది కాళ్లు కొంచెం కదిలాయి. జీతం పోతుంది కదా. స్వరూపకు కనబడింది, ఇంకో నిమిషం ఆగితే దిగేస్తారు. ఐలయ్య తల నేల మీద మెల్లగా ఆనించి లేచి నిలబడింది.

"భద్రంగ ఉంటే మంచిదే సారు" అంది. "మీరు దిగి చూసి రాండ్రి. ఆ మూడో మలుపు కాడ పది నిమిషాలు కూసోని రాండ్రి. అప్పటిదాంక మేం ఈడనే ఉంటం. మీరు ఒచ్చి చెప్పంగనే అందరు దిగుతరు. నేను సుత దిగుత."

ఎవరో టోపీ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. విద్యాసాగర్ పెట్టుకున్నాడు. పట్టీ బిగించుకున్నాడు. గని నోటి వైపు నడిచాడు. జనం దారి ఇచ్చారు. ఏటవాలుగా కిందికి దిగే ఆ చీకటి లోంచి చల్లటి తడిగాలి వచ్చి ఆయన చొక్కా కదిలించింది.

నాలుగడుగులు వేసి ఆగాడు.

ఫోను తీసి చూసుకున్నాడు. అది మోగలేదు. కింద చీకటిలోకి చూశాడు. తల తిప్పి జనం వైపు చూశాడు. మళ్లీ చీకటిలోకి చూశాడు. మెడ మీద చెమట కాలరులోకి జారింది. ఇంకో అడుగు పడలేదు.

ఎవరూ నవ్వలేదు. ఆయన భయాన్ని ఏ పెట్టే ఎత్తలేదు, ఏ ముసలామే మోయలేదు. అది మొదటి నుంచీ ఆయన దగ్గరే ఉంది.

రెండు వందల మంది ఒక్కొక్కరే వచ్చి నర్సింగం పక్కన, ఐలయ్య పక్కన మట్టిలో కూర్చున్నారు.